రింగుల పిల్ల

అమీర్‌పేట,
18 ఆగస్టు 2000

అన్నా,

ఎట్లున్నావు? నీ కార్డు అందింది. అక్కడ వానలు ఆగడం లేదని రాశావు. ఇక్కడ కూడా అంతే. గట్టిగా ఒక వాన పడితే మైత్రీవనం ముందు మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లలో జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్ అని రాసిన కాగితాలు తేలుతూ పోతుంటాయి. ఈ వీధిలో గోడ రంగు ఏమిటో ఎవరికీ తెలియదు, అన్నీ కోచింగ్ బోర్డులే. మా హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. నా పక్క మంచం సుమశ్రీది. భీమవరం పిల్ల, మంచిది. "ఏంటి నవీనా, జనగామలో అందరూ ఇంత గట్టిగా మాట్లాడతారా?" అని నన్ను ఏడిపిస్తుంది.

క్లాసులు బాగానే నడుస్తున్నాయి. కానీ అసలు సంగతి వేరే ఉంది.

పోయిన ఆదివారం సుమశ్రీ వాళ్ల పెదనాన్న కొడుకు పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో వార్షికోత్సవం అయింది. మమ్మల్ని కూడా పిలిచాడు. పాటలు, డాన్సులు అయ్యాక ఒకామె స్టేజీ ఎక్కింది. నలభై దాటి ఉంటుంది, చువ్వలాగా ఉంది. చేతిలో రింగులు. మనం చిన్నప్పుడు సైకిల్ టైరు నడుముకు వేసుకుని తిప్పినట్టు కాదు అన్నా. మెడ మీద ఒకటి, నడుం మీద కొన్ని, మోకాళ్ల మీద కొన్ని. అన్నీ ఒక్కసారి తిరుగుతుంటే మనిషి కనబడలేదు. వాళ్లాయన పైన ఇనుప ఊయల మీద తలకిందులుగా వేలాడి, ఆమె చేతులు పట్టుకుని గాలిలోకి లేపాడు. అక్కడ కూడా రింగులు ఆగలేదు.

అయిపోయాక తెర వెనక్కి వెళ్లాను. "ఎందుకు ఏడుస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె పేరు చిలకమ్మ. సర్కస్‌లోనే పుట్టిందట. సర్కస్ మూతబడ్డాక మొగుడూ పెళ్లాలు పంజాగుట్టలో, ఎర్రమంజిల్ దిగువన ఒక పాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఉంటూ ఫంక్షన్లలో ఆడుతున్నారు. రోజూ పొద్దున క్లాసుకు ముందు అక్కడికి పోయి నేర్చుకుంటున్నాను. కోప్పడకు. క్లాసు మానను.

అమ్మకు నేను రాయలేదు. నువ్వు కూడా ఇప్పుడే చెప్పకు.

నీ చెల్లె,
నవీన


క్యాంపు, త్రిపుర
20 సెప్టెంబరు 2000

నవీనా,

నీ ఉత్తరం చేతికి వచ్చిన రోజే మా జవాన్ల బండ్లు మందుపాతర మీదికి పోయాయి. నేను వెనక బండిలో ఉన్నాను. ముందు బండిలో ఒడిశా పిల్లవాడు, నా పక్క మంచం వాడు. పొగ తగ్గాక అతని బూటు చెట్టు కొమ్మకు వేలాడుతూ కనబడింది. బూటు ఖాళీగా లేదు. పొడుగున్నవాడివి నువ్వే ఎక్కు అన్నారు. నేనే ఎక్కి దింపాను. ఆ పూట అన్నం తినగలిగాను. ఇది నీకు రాయకూడదు గానీ, ఎవరికో ఒకరికి రాయాలి కదా.

ఇక నీ సంగతి. ఒంటికి వ్యాయామం కోసమైతే రింగులు తిప్పుకో, నేను వద్దనను. కానీ సర్కస్ వాళ్లతో తిరగడం మంచిది కాదు. ఆడపిల్లల్ని ఊళ్లు తిప్పి ఎక్కడెక్కడో వదిలేసిన కథలు ఇక్కడ రోజూ వింటాను. నాయిన పోయిన తర్వాత నిన్ను చదివిస్తున్నది నేను. రేపు ఏమైనా అయితే అందరూ అడిగేది నన్నే.

హనుమాండ్లు ఖైరతాబాద్‌లోనే ఉన్నాడు. జోగారావు అని భూముల వ్యాపారి, అతని దగ్గర పని. స్థలాలు ఖాళీ చేయించడం, కాపలా, అట్లాంటివి. వారానికోసారి నిన్ను చూసి రమ్మని చెప్పాను. మేనబావ, పరాయివాడు కాదు. అమ్మ మనసులో ఏముందో నీకు తెలుసు. మర్యాదగా మాట్లాడు.

చద్దన్నం తిని క్లాసుకు పోకు, నిద్ర వస్తుంది.

మహేశ్


అమీర్‌పేట,
12 నవంబరు 2000

అన్నా,

ఆ ఒడిశా అబ్బాయి గురించి చదివి రెండుసార్లు ఉత్తరం మడిచి పెట్టాను. మళ్లీ తీసి చదివాను. నువ్వు చెట్టెక్కినట్టు నాకు కల కూడా వచ్చింది. నాకు రాయి. ఏం జరిగినా రాయి.

నా ఒళ్లు ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. నడుం చుట్టూ తోలు లేచిపోయి పచ్చిగా ఉంటుంది. దాని మీదే మళ్లీ రింగు. మోకాళ్ల వెనక నల్లగా కమిలిపోయింది. "ఎవరు కొట్టారే నిన్ను, చెప్పు" అని సుమశ్రీ తలుపు గడియ పెట్టి మరీ అడిగింది. పోయిన నెల ఝూలా మీద నుంచి పడ్డాను. అదే, ఊయల. సర్కస్ వాళ్లు ఝూలా అంటారు. భుజం జారింది. కనకన్న నా చంకలో కాలు పెట్టి చెయ్యి గుంజితే టక్కున లోపలికి పోయింది. షెడ్డు రేకులు ఎగిరేలా అరిచాను. చాయ్ తాగి మళ్లీ ఎక్కాను.

చిలకమ్మక్క వీపు చూశాను. జాకెట్టు మార్చుకుంటుంటే కనబడింది. వాతలు, అడ్డంగా, నిలువుగా. చిన్నప్పుడు సర్కస్ మాస్టరు కొట్టినవట. "పులికి, నాకు ఒక్కటే కొరడా ఉండె. పులి ఒకసారి తిరగబడ్డది, దాన్ని కాల్చేసిర్రు. నేను తిరగబడలే" అంది. నన్ను మాత్రం ఇప్పటివరకు ఒక్క దెబ్బ కూడా వేయలేదు. తప్పు చేస్తే పక్కకు పోయి బీడీ ముట్టిస్తుంది. అదే నాకు కొరడా.

ఇప్పుడు నేను కూడా గాలిలో ఆడుతున్నాను. కనకన్న మణికట్లు పట్టుకుంటే పైన నాకు భయం లేదు. నా ప్రాణం ఇప్పుడు ఆయన చేతుల్లో ఉంది అన్నా. ఇంత నమ్మకం నాకు ఇంతవరకు ఎవరి మీదా కలగలేదు. మొన్న మాదాపూర్‌లో ఒక కంపెనీ పార్టీకి ముగ్గురం కలిసి ఆడాం. కుర్రాళ్లు బల్లలెక్కి ఈలలు వేశారు. దిగాక కూడా నేను రింగులు కింద పెట్టలేదు. ఇదే నా పని అని అప్పుడే తెలిసింది.

హనుమాండ్లును పంపకు. టాటా సుమోలో వచ్చాడు. పేరు రాయమని అడిగినందుకు మా వాచ్‌మన్‌ను, తాత వయసువాడిని, మెట్ల మీద కిందపడేలా కొట్టాడు. ముక్కులోంచి రక్తం కారుతుంటే నేనే నీళ్లు పోసి కడిగాను. "రింగుల పిల్లవైనవట కద" అని నన్ను చూసి నవ్వాడు.

నవీన


క్యాంపు
15 డిసెంబరు 2000

కనకన్న ఎవడు?

హనుమాండ్లు ఫోన్‌లో చెప్పాడు. "బావా, కండ్లార చూసిన. వాడు దాని నడుం పట్టుకొని లేపుతుండు, అది నవ్వుతున్నది." నేను నమ్మలేదు. నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నా ప్రాణం ఆయన చేతుల్లో ఉంది అని నీ చేత్తోనే రాశావు. ఎవరి మీదా ఇంత నమ్మకం లేదన్నావు. మరి నేనెవరిని?

వాడి వయసెంత? ఎవరి పిల్లవాడు? నీతో ఏం అనుకుంటున్నాడు? ఈ మూడింటికి జవాబు రాయి. నాకు ఇక్కడ సెలవు దొరకదు. నేను రాలేకపోతే నా బదులు వచ్చేవాళ్లు ఉన్నారు. మనుషుల్ని భయపెట్టే పనిలోనే నేను బతుకుతున్నానని మరిచిపోకు.

మహేశ్


అమీర్‌పేట,
9 జనవరి 2001

అన్నా,

మూడు ప్రశ్నలు అడిగావు. ఒక్కదానికీ జవాబు రాయను.

నేను భుజం జారిందని రాశాను. తోలు ఊడిందని రాశాను. స్టేజీ మీద నా పని నాకు దొరికిందని రాశాను. నువ్వు అదేమీ అడగలేదు. వాడెవడు అన్నావు. హనుమాండ్లు మాట నిజమైంది, నా మాట అబద్ధమైంది. నమ్మనివాడి ముందు నిరూపించుకోవడం నాకు చేతకాదు. నువ్వే వచ్చి నీ కళ్లతో చూడు, లేకపోతే ఊరుకో.

జావా మానేశాను. దాచను. అమెరికా ఆర్డర్లు తగ్గాయని ఇక్కడ కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం లేదు. మా హాస్టల్లో ఎవరో ఒకరు పెట్టె సర్దుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం చేతినిండా పని. హోటళ్లు, పెళ్లిళ్లు, కంపెనీల పార్టీలు. వచ్చే వారం హాస్టల్ ఖాళీ చేసి కనకన్న ఇంటికి మారుతున్నాను. ఇక నా బతుకు అక్కడే. నీకు ఇష్టం ఉన్నా లేకపోయినా.

నవీన


పంజాగుట్ట,
22 ఫిబ్రవరి 2001

మహేశ్,

నా నోట్లో కుట్లు ఉన్నాయి. మాట రాదు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు.

సోమవారం పొద్దున ప్రాక్టీసు చేస్తున్నాం. కనకన్న ఝూలా మీద మోకాళ్లు బిగించి తలకిందులుగా వేలాడుతున్నాడు. నేను ఆయన చేతుల్లో వేలాడుతున్నాను. నడుం మీద రింగులు తిరుగుతున్నాయి. రేకు తలుపు తన్నిన చప్పుడు వినబడింది. హనుమాండ్లు, వెంట ఇంకో ముగ్గురు. అందరి చేతుల్లో ఇనుప రాడ్లు.

"ఎవరు నాయినా, ఏం గావాలె?" అంటూ చిలకమ్మక్క ఎదురుపోయింది. ఒకడు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆమె అక్కడే కూలబడింది.

ఝూలా పక్కన నిచ్చెన ఉంటుంది. హనుమాండ్లు దాన్ని ఎక్కాడు. "దిగురా లం...కొడకా" అని అరిచాడు. కనకన్న ఒక్కటే మాట అన్నాడు. "జర ఆగు నాయినా. పిల్లను దిగనియ్యి. పిల్ల దిగినంక నన్ను ఏమన్న చేయి."

వాడు ఆగలేదు. మొదటి దెబ్బ కనకన్న ఎడమ మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది నా చెవికి కాదు, నా అరచేతికి తెలిసింది. ఆయన వదల్లేదు. కుడిచేత్తోనూ, విరిగిన ఎడమచేత్తోనూ నన్ను ఒక ఊపు ఊపి, పరుపు ఉన్న వైపుకు తెచ్చి, అప్పుడు వదిలాడు. రెండో దెబ్బ ఆ తర్వాత పడింది. నేను అప్పటికి పరుపు మీద ఉన్నాను.

ఆయన్ని మెడ పట్టి కిందికి లాగారు. షెడ్డులో ఒక సిమెంటు దిమ్మ ఉంది, ఒకప్పుడు ఐసు గడ్డలు దించేది. దాని మీద ఆయన చేతులు చాపించారు. ఒకడు మోచేతుల మీద బూట్లతో నిలబడ్డాడు. మిగిలినవాళ్లు కొట్టారు. వేళ్లు, మణికట్లు, మళ్లీ వేళ్లు. కనకన్న అరవలేదు. ముందు అరిచాడేమో, నాకు గుర్తు లేదు. నేను అరుస్తున్నాను కదా.

హనుమాండ్లు వీపు మీదికి దూకాను. వాడు రాడ్డు తిప్పి నా మూతి మీద కొట్టాడు. పై ముందు పళ్లు రెండు పోయాయి, పెదవి చీలింది. కిందపడితే డేరా మేకు చేతికి తగిలింది. జానెడు పొడుగుంటుంది, ఇనుముది. దాన్ని వాడి తొడలో దించాను. గుంజి మళ్లీ దించాను. వాడు గొర్రెలాగా కేకలు పెట్టాడు. ఆ కేక వింటుంటే నాకు హాయిగా ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. నీకైతే అర్థమవుతుంది.

వాణ్ని మోసుకుపోతుంటే తలుపు దగ్గర ఆపించి అన్నాడు. "నాకేం పగ లేదే నీ మీద. మీ అన్ననే వాని చేతులు ఇరగ్గొట్టుమన్నడు, ఇరగ్గొట్టిన. ఇగ మీ అన్ననే అడుగు."

కనకన్న అసలు పేరు కనకయ్య. ఆయనకు యాభై నాలుగేళ్లు. చిలకమ్మక్క భర్త. తల నెరిసిపోయింది, దూరం చూపు ఆనదు. ఈ ఊళ్లో అందరూ అందరినీ అన్నా అంటారు, నేనూ అన్నాను. ఇదే నీ మొదటి ప్రశ్నకు జవాబు. డిసెంబరులో అడిగావు. పొగరుకొద్దీ నేను రాయలేదు. ఒక్క ముక్క రాసి ఉంటే ఇది జరిగేది కాదేమో. అంతవరకు నాది.

నువ్వు చెప్పావా? అవునా, కాదా?

నవీన


క్యాంపు
12 మార్చి 2001

నవీనా,

అవును.

బజారులో బూత్ నుంచి ఫోన్ చేశాను. ఏ చేతులతో పట్టుకున్నాడో ఆ చేతులు ఉండొద్దు అన్నాను. ఇంకొక మాట అనలేదు. నువ్వు వాడి ఇంటికి మారుతున్నానని రాసిన ఉత్తరం అప్పుడు నా జేబులో ఉంది. నేను ఎవరో జులాయి కుర్రవాణ్ని ఊహించుకున్నాను. రంగు చొక్కా, మెడలో గొలుసు. ఆ ముఖాన్ని రోజూ మనసులో కొడుతూ పడుకునేవాణ్ని. నెరిసిన తల ఒక్కసారి కూడా రాలేదు.

హనుమాండ్లు నీ మీద చెయ్యి వేస్తాడని నాకు తెలియదు. నీ పళ్ల సంగతి చదివి గోడకు తల కొట్టుకున్నాను. నలుగురు పట్టుకున్నారు.

ఒక్కటి అడుగుతాను. పోలీసుల దగ్గర నా పేరు ఎత్తకు. పేరు వస్తే ఉద్యోగం పోతుంది, జైలు పడుతుంది. అమ్మను ఎవరు చూస్తారు? ఆసుపత్రి ఖర్చంతా నేను పెట్టుకుంటాను. కనకయ్య గారికి జీవితాంతం ఏం కావాలన్నా చేస్తాను. ఇది మన ఇంట్లోనే తెంచుకుందాం.

మహేశ్


పంజాగుట్ట,
2 ఏప్రిల్ 2001

మహేశ్,

నువ్వు పంపిన డబ్బు వెనక్కి పంపుతున్నాను. చిలకమ్మక్క దాన్ని ముట్టుకోనంది.

కనకన్నకు రెండుసార్లు ఆపరేషన్ చేశారు. కుడిచెయ్యి పిడికిలి పడదట. ఎడమచెయ్యి వేళ్లు రెండు తీసేశారు. నలభై ఏళ్లు మనుషుల్ని గాలిలో పట్టుకున్న మనిషి. ఇప్పుడు గ్లాసు పట్టుకోలేడు. అక్క అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే గోడ వైపు తిరిగి నములుతాడు. నిన్న అక్క ఉన్నట్టుండి కంచం విసిరికొట్టింది. "నా కండ్ల ముందర పులిని కాల్చిర్రు, చూసిన. నిన్ను గిట్ల చూడలేనయ్యా" అని తల బాదుకుంది. అయినా కాసేపటికి అన్నం ఏరి, కడిగి, మళ్లీ కలిపింది.

ఇది ఇంట్లో తెంచుకునేది కాదు. నా మీద కేసు పెట్టారు. కనకన్నకు నాకు సంబంధం ఉందని, అడగడానికి వచ్చిన మేనబావను నేనే మేకుతో పొడిచానని, కనకన్న పారిపోతూ ఝూలా మీద నుంచి పడి చేతులు విరగ్గొట్టుకున్నాడని ఫిర్యాదు. జోగారావు మనుషులు ముగ్గురు చూశామని సాక్ష్యం చెప్పారు. మా వైపు చూసింది మేమే. ఫోన్ చేసి చెప్పింది నువ్వు. నువ్వు వచ్చి చెప్పకపోతే ఆ కథే నిలబడుతుంది. నేను లోపలికి పోతాను.

ఇంతలో తిండి గడవాలి కదా. మార్చి మొదట్లో ఒక కంపెనీ ఫంక్షన్‌కు ఒప్పుకున్నాను. ఒక్కదాన్నే, నేల మీదే. పళ్లు లేవు కాబట్టి మూతి బిగించి ఆడాను. సగంలో పెదవి కుట్టు ఊడింది. రక్తం గడ్డం మీదికి, మెడ మీదికి కారింది. రింగులు తగిలి చిమ్మింది. ముందు వరసలో వాళ్లు అదంతా వేషం అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను ఆపలేదు. ఆపితే ఇంటికి పోయి ఏం చేయాలో తెలియదు.

అమ్మకు అన్నీ చెప్పాను. "వాణ్ని రమ్మను" అంది. నేనూ అదే అంటున్నాను. రా. వచ్చి నిజం చెప్పు. అప్పటిదాకా నాకు రాయకు.

నవీన


లక్డీకాపూల్, లాడ్జి
16 జూన్ 2001

నవీనా,

ఒకే ఊళ్లో ఉండి ఉత్తరం రాస్తున్నాను. షెడ్డుకు వచ్చినప్పుడు నువ్వు లోపలి గదిలోనే ఉన్నావట, బయటికి రాలేదు. నీ ఇష్టం. జరిగింది మాత్రం నా నోటితో తెలియాలి.

ఏప్రిల్‌లో రైలు దిగి ముందు పోలీసుల దగ్గరికి పోలేదు. ఖైరతాబాద్ పోయాను. హనుమాండ్లు జోగారావు ఆఫీసు వెనక కుంటుతూ నడుస్తున్నాడు. నన్ను చూసి చేతులు చాపాడు. నేను కొట్టడం మొదలుపెట్టాను. ముక్కు పగిలింది, నా పిడికిలిలో వాడి పళ్లు దిగాయి. గోడకు ఆనించి గొంతు పట్టుకున్నాను. వాడు నవ్వాడు. నోటినిండా రక్తంతో నవ్వాడు. "నువ్వు చెప్పిన పనే చేసిన కద బావా. ఇగ నన్నెందుకు కొడుతున్నవ్? చెప్పినోణ్ని కొట్టు."

నా చెయ్యి దానంతట అదే వదిలింది. వాడు కిందికి జారాడు. ఇంకొంచెం ఉంటే చచ్చేవాడు. చంపి వచ్చి ఉంటే నీ కోసం చేశానని నన్ను నేను నమ్మించుకునేవాణ్ని కూడా.

అక్కణ్నుంచి నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కు పోయాను. నేనే చేయించానని రాసిచ్చాను. ఏ రోజు, ఏ బూత్, ఏ మాట, అన్నీ. ఎస్సై పెన్ను పక్కన పెట్టి, "ఉద్యోగం పోతది, ఎర్కేనా? జర ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించే వచ్చాను అన్నాను. రెండు నెలలు లోపల ఉంచారు. హనుమాండ్లును, ఆ ముగ్గురిని పట్టుకున్నారు. నీ మీద కేసు తీసేస్తారని వకీలు చెప్పాడు. నా ఉద్యోగం పోయింది. నాకు బెయిలు నిన్న వచ్చింది.

నిన్ననే షెడ్డుకు వచ్చాను. చిలకమ్మ చెప్పు తీసుకుని కొట్టింది. ముఖం మీద, నెత్తి మీద. ఆమెకు ఆయాసం వచ్చేదాకా నిలబడ్డాను. కనకయ్య గారు మంచం మీద నుంచి "ఇగ చాలు, ఆపవే" అన్నారు. నేను ఆయన చేతుల వైపు చూడలేకపోయాను. ఆయన మాత్రం నా చేతి వైపు చూశారు. హనుమాండ్లు పళ్లు దిగిన చోట చీము పట్టింది, జైల్లో సరిగా మానలేదు. "గా చెయ్యి డాక్టరుకు చూపియ్యి. గట్లనే ఇడిసిపెడితే వేళ్లు పోతయ్" అన్నారు. అంతే. ఆ మాట వినడం కంటే చెప్పు దెబ్బలే నయం అనిపించింది.

నాచారంలో ఒక గోదాముకు కాపలా పని దొరికింది. అక్కడే ఉంటాను.

మహేశ్


బెంగళూరు,
28 నవంబరు 2001

మహేశ్,

నీ ఉత్తరం దాచుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఇక్కడ నెల రోజుల నుంచి ఆడుతున్నాం. కొత్త పళ్లు పెట్టించుకున్నాను, నవ్వుతున్నాను కూడా. మళ్లీ ఝూలా ఎక్కాను. పట్టుకునేవాళ్లు లేరు కాబట్టి చీలమండకు పటకా, అంటే తోలు పట్టీ, కట్టుకుని ఒక్కదాన్నే వేలాడి రింగులు తిప్పుతున్నాను. కనకన్న కింద నిలబడి నోటితో నడిపిస్తాడు. "జర ఆగు, ఇప్పుడు తిప్పు, నడుం జార్చకు." ఆయన గొంతు వినబడకపోతే నాకు పైకీ కిందికీ తేడా తెలియదు. మొదటిసారి పడ్డాను. పక్కటెముక పగిలింది. ఆయన కిందినుంచి రెండు చేతులూ చాపి పరుగెత్తుకొచ్చాడు, ఆ చేతులతో ఏమీ కాదని మరిచిపోయి. పడ్డ నొప్పి కంటే అది ఎక్కువ నొప్పించింది.

జనవరిలో ఖైరతాబాద్ దగ్గర మైదానంలో మా డేరా పడుతుంది. అక్క పేరు మీద మా సొంత ఆట. మా దగ్గర ఇప్పుడు ఆరుగురు ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. ఇద్దరు అమీర్‌పేట హాస్టల్ వాళ్లే.

నిన్ను క్షమించానని అనుకోకు. ఆ మాట నా నోటికి రావడం లేదు. కానీ నేను ఏం చేస్తానో నువ్వు ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే ఇదంతా చేశావు. టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చో. లోపలికి రాకు. నన్ను కలవకు. చూసి, ఏం చూశావో రాయి.

నవీన


నాచారం,
14 జనవరి 2002

నవీనా,

వచ్చాను. వెనక బెంచీలలో కూర్చున్నాను.

నువ్వు తాడు పట్టుకుని పైకి పోతుంటే ముందు నిన్ను గుర్తుపట్టలేదు. భుజాలు అంత వెడల్పు అయ్యాయని నాకు తెలియదు. పైకి చేరి, చీలమండకు పటకా బిగించుకుని, చేతులు వదిలేశావు. నేను కళ్లు మూసుకున్నాను. క్యాంపులో ముందు బండి పేలినప్పుడు కూడా అట్లా మూసుకోలేదు. మళ్లీ తెరిచాను. రింగులు ఒక్కొక్కటే నీకు అందిస్తున్నారు. నువ్వు తలకిందులుగా, ముఖం ఎర్రబడి, ఒక్కొక్కటే నడుం మీదికి తీసుకున్నావు. ఎక్కడో కింద నుంచి కనకయ్య గారి గొంతు వినబడుతూనే ఉంది.

అప్పుడు నా ముందు బెంచీలో ఒకడు, తాగి ఉన్నాడు, పక్కవాడితో అన్నాడు. "గా పిల్ల నడుం చూడురా. మస్తుగుంది. ఒక్కసారి నా చేతికి దొరకాలె." ఇంకా అన్నాడు. అవి రాయను.

నేను లేచాను. వాడి మెడ నా ముందే ఉంది. ఎక్కడ పట్టుకుంటే మనిషి చప్పుడు లేకుండా కూలుతాడో నాకు నేర్పారు. చెయ్యి వాడి భుజం దాకా పోయింది. నా ఒంట్లో ప్రతి నరం ఆ పని అడిగింది. పైన నువ్వు తిరుగుతున్నావు. కింద కేక పుడితే కనకయ్య గారి గొంతు నీకు వినబడదు.

కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద బరువంతా వేశాను. వాడు ఆపలేదు. నేను విన్నాను. మొత్తం విన్నాను, తల తిప్పకుండా నిన్నే చూస్తూ. వాడి మాటలు, నీ రింగులు, రెండూ ఒక్కసారే. ఇంత కష్టమైన పని నా జీవితంలో నేను చేయలేదు.

నువ్వు దిగావు. నేల మీద నిలబడి, జనం వైపు తిరిగి నవ్వావు. అందరూ లేచారు. ఆ తాగినవాడు కూడా లేచాడు. నేను చేతులు బయటికి తీశాను. నెత్తురు ఆడక రెండూ మొద్దుబారి పోయాయి, నావి కానట్టు ఉన్నాయి. వాటితోనే చప్పట్లు కొట్టాను.

మహేశ్